పెరట్లో కొలను కోసం సీనియర్ సిటిజన్ డిపాజిట్ మూసేయాలా?

గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు రాశారు. వయసు 64. పెన్షన్ 48 వేలు, ఇంటి ఖర్చు 38 వేల దాకా వస్తుందట. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 20 లక్షలు వేసి 14 నెలలైంది, బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, అప్పుల్లేవు. సొంతిల్లు, వెనకాల ఖాళీ జాగా. అక్కడ తామరలు, రంగు చేపలు, చిన్న జలపాతం పెట్టి కొలను కట్టించుకోవాలని ఎప్పటినుంచో కోరిక. కాంట్రాక్టర్ 3 లక్షల 80 వేలు చెప్పాడు. దానికి స్కీములో డబ్బు తియ్యాలా, ఎఫ్‌డీ పగలగొట్టాలా, లేకపోతే ఇంట్లో బంగారం పెట్టి లోన్ తీసుకోవాలా అని అడుగుతున్నారు. వాళ్ళావిడకి అసలు ఇష్టం లేదు, దోమలొస్తాయి, పైగా నైరుతిలో గొయ్యి ఏంటి అంటున్నారట. కోయి అనే జపాన్ రంగు చేపల పిల్లల్ని అమ్మితే ఖర్చు తిరిగొచ్చేస్తుందని కాంట్రాక్టర్ అన్నాడట, అది నిజమేనా అని చివర్లో ఒక ముక్క.

మాస్టారూ, ముందు స్కీము సంగతి. దాన్ని ముట్టుకోవద్దు. అందులోంచి 4 లక్షలు మాత్రం తీసి మిగతాది ఉంచుతామంటే కుదరదు, ఒక అకౌంట్‌లో సగం తియ్యటం అనే సౌకర్యమే లేదు, మూస్తే మొత్తం మూయాలి. ఏడాది దాటి రెండేళ్ళు నిండకుండా మూస్తే అసలులో ఒకటిన్నర శాతం కోస్తారు, అంటే మీ 20 లక్షల మీద 30 వేలు. 4 లక్షల అవసరానికి 20 లక్షల మీద కోత అన్నమాట. ఇంకోటి, డబ్బు వేసిన ఏడాది 80సి కింద లక్షన్నర చూపించి టాక్స్ తగ్గించుకున్నారేమో ఒకసారి చూసుకోండి, ఐదేళ్ళ లోపు మూస్తే అలా చూపించిన మొత్తం మూసిన ఏడాది ఆదాయంలో కలిసిపోతుంది, ఈ విషయం కౌంటర్‌లో ఎవరూ చెప్పరు, రిటర్న్ వేసేటప్పుడు తెలుస్తుంది.

ఎఫ్‌డీ కూడా వద్దు, అది హాస్పిటల్ డబ్బు. ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వోద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు ఉంది కదా అంటారు, ఉన్నా ముందు మన చేత్తో కట్టి తర్వాత బిల్లులు పెట్టుకోవాల్సిన పరిస్థితులు వస్తూనే ఉంటాయి. బంగారం మీద లోన్ గురించి ఒక్క మాటే, ఇష్టం లేదన్న మనిషి నగలు తాకట్టు పెట్టి ఆవిడ వద్దన్న కొలను కట్టటం ఆర్థిక సలహా కిందకి రాదు, నేను ఆ గొడవలోకి రాను.

కానీ అసలు విషయం డబ్బు ఎక్కడినుంచి తేవాలన్నది కాదండీ. ఆ 3 లక్షల 80 వేలు అనే అంకె దగ్గరే తేడా ఉంది. అది తవ్వి, కట్టి, నీళ్ళు నింపేదాకా అయ్యే ఖర్చు, ఆ మర్నాటి నుంచి మొదలయ్యేది ఎవరూ కొటేషన్‌లో రాయలేదు. మీరు పంపిన కాగితం ప్రకారం తవ్వకం, ఇటుక కట్టుబడి, ప్లాస్టరింగ్ కలిపి లక్షా 60 వేలు, జలపాతం రాళ్ళు 70 వేలు, పంపు, ఫిల్టరు, నాచుని అదుపు చేసే యూవీ లైటు 95 వేలు, చేపలు మొక్కలు 55 వేలు. సైజు 14 అడుగుల పొడవు, 8 వెడల్పు, మూడున్నర లోతు. గుణిస్తే 392 ఘనపుటడుగులు, ఒక ఘనపుటడుగుకి 28.3 లీటర్లు చొప్పున దాదాపు 11 వేల లీటర్లు.

ఇన్ని నీళ్ళని, అందులో కోయి చేపల్ని బతికించాలంటే పంపు రాత్రింబవళ్ళు తిరగాల్సిందే. పంపు, యూవీ, గాలి మోటారు అన్నీ కలిపి 150 వాట్లని మీ కొటేషన్‌లోనే ఉంది, అంటే నెలకి 108 యూనిట్లు. మీ ఇంటి వాడకం నెలకి 190 అని రాశారు. మన రాష్ట్రంలో శ్లాబులు తెలుసుగా, 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, అది దాటి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. కాబట్టి ఈ కొత్త 108లో మొదటి 35 ఆరు రూపాయలకి, మిగతా 73 పై శ్లాబులోకి వెళ్తాయి, మొత్తం దాదాపు 850, సర్దుబాటు చార్జీలు వేరే. దానికి మెయింటెనెన్స్ అని కాంట్రాక్టర్ అడిగింది 2 వేలు, మేత ఓ 600, ఫిల్టర్ మ్యాట్‌లు, ఏడాదికోసారి మార్చాల్సిన యూవీ ల్యాంపు (వెలుగుతూనే ఉంటుంది కానీ పని చెయ్యదు, అందుకే జనం మోసపోతారు), చేపల మందులు, చచ్చిన చేపల బదులు కొత్తవి, వీటన్నిటికీ కలిపి నెలకి వెయ్యి పక్కన పెట్టండి. మొత్తం 4,450. ఏడాదికి 53,400.

ఇప్పుడు తిరగేసి చూడండి. ఏడాదికి 53,400 వడ్డీ రావాలంటే 7 శాతం ఎఫ్‌డీలో ఎంత ఉండాలి? 7 లక్షల 63 వేలు. అంటే కట్టుబడికి 3 లక్షల 80 వేలు, దాన్ని పోషించటానికి కదలకుండా పక్కన కూర్చోవాల్సిన డబ్బు ఇంకో 7 లక్షల 63 వేలు, వెరసి మీ కొలను ధర 11 లక్షల 40 వేల పైన. గేదెని కొనేటప్పుడు గడ్డి ఖర్చు చూసుకోకుండా ఎవరూ కొనరు కదా మన వైపు, మరి దీనికెందుకు చూడలేదు?

ఇంకా ఈ లెక్కలో రాని రిస్కులు రెండున్నాయి. ఒకటి మన నేల. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి, వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని బెత్తెడు బీటలిస్తుంది, అందులో ఇటుక కట్టి సిమెంటు పూసిన తొట్టి నాలుగైదు ఎండాకాలాలు చూసేసరికి ఎక్కడో ఒకచోట చీలుతుంది, నీళ్ళు ఎక్కడ పోతున్నాయో కనుక్కోవటానికే మళ్ళీ మేస్త్రీని పిలవాలి. రెండోది కరెంటు. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గిపోతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టేది 30 డిగ్రీలకి ఏడున్నర అయిపోద్ది, పైగా రాత్రిపూట మొక్కలూ నాచూ కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి, కాబట్టి మే నెలలో అర్ధరాత్రి కరెంటు పోయి పంపు ఆగితే తెల్లారేసరికి పెద్ద చేపలే ముందు తేలతాయి. దానికి ఇన్వర్టరు, బ్యాటరీ అంటూ ఇంకో ఖర్చు. ఇవేవీ లేకుండా కోయి చేపలు పెట్టుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

అలాగని కోరిక మానుకోమని నేను చెప్పట్లేదు. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి పెరట్లో నాలుగు కలువపూలు చూసుకుంటానంటే వద్దనటానికి నేనెవర్ని. మీరు చెయ్యాల్సింది లెక్కని అటునుంచి మొదలెట్టటం, అంటే నెలకి ఎంత పోషించగలరో ముందు తేల్చుకుని దానికి సరిపడా సైజు తవ్వటం. మీ పెన్షన్‌లో ఇంటి ఖర్చు పోగా 10 వేలు మిగులుతోంది, ఇల్లు పాతదైతే రిపేర్లు, పండగలు, మనవళ్ళు, అన్నీ అందులోంచే. కొలనుకి నెలకి 500 కంటే ఎక్కువ నేను ఒప్పుకోను. 500 అంటే ఏడాదికి 6 వేలు, అది పుట్టటానికి పక్కనుండాల్సింది 86 వేలే.

మరి కట్టుబడికి? స్కీము 8.2 శాతం మీద మీకు మూడు నెలలకోసారి 41 వేలు వడ్డీ పడుతోంది, పెన్షన్‌తో ఇల్లు నడుస్తోంది కాబట్టి ఆ వడ్డీ ఖర్చవకుండా పేరుకుంటోంది. ఒక్క క్వార్టర్ వడ్డీ, ఆ 41 వేలే మీ బడ్జెట్. అసలు జోలికి వెళ్ళకుండా, అప్పు లేకుండా అయిపోవాలి, అవకపోతే ఆగి ఇంకో క్వార్టర్ వచ్చాక మిగతాది.

8 అడుగులు, 5 అడుగులు, 2 అడుగుల లోతు చాలు, దాదాపు 2,260 లీటర్లు. సిమెంటు వద్దు, గుంత తవ్వించి అడుగున ఇసుక వేసి రొయ్యల చెరువుల వాళ్ళు వాడే హెచ్‌డీపీఈ షీటు (మందపాటి ప్లాస్టిక్) పరిపించండి, బాపట్ల, నిజాంపట్నం వైపు ఆక్వా సరుకు అమ్మే కొట్లలో దొరుకుతుంది, నల్లరేగడి కదిలినా షీటు దాంతోపాటు సర్దుకుంటుంది. కూలి, షీటు, అంచుకి రాళ్ళు, నాలుగు కుండీల కలువలు, ఒక తామర, అంతే. మొక్కలు కడియం నర్సరీల నుంచి వచ్చే లారీల దగ్గర అడిగితే బేరం కుదురుతుంది. ఆకులు నీళ్ళ మీద సగం పైన పరుచుకుంటే ఎండ లోపలికి దిగదు, నాచు తగ్గుతుంది. గుర్రపు డెక్క మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు, కాలవలన్నీ ఏమైపోయాయో చూస్తూనే ఉన్నాం. కలువలకి రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి, కానీ మధ్యాహ్నం మూడు దాటాక నీడ పడే చోటైతే మంచిది, వేపచెట్టు కింద మాత్రం వద్దు, ఆకులు ఏరలేక చస్తారు. జలపాతం అక్కర్లేదు. నీళ్ళ చప్పుడు వినాలనుంటే 20 వాట్ల చిన్న పంపు పగలు పది గంటలు వెయ్యండి, నెలకి 6 యూనిట్లు, బిల్లులో 36 రూపాయలు. దాని లైన్‌కి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్) మాత్రం పెట్టించండి, నీళ్ళల్లో కరెంటు దగ్గర పొదుపు చెయ్యకూడదు. ఎండాకాలం రోజుకి 7 మిల్లీమీటర్లు ఆవిరైనా ఈ సైజుకి పాతిక ముప్పై లీటర్లే, రెండు బకెట్లు. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒకరోజు డ్రమ్ములో నిలవబెట్టి పొయ్యండి.

దోమల విషయంలో అమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టే, నిలవ నీళ్ళు పెట్టి చేపలు వదలకపోతే వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి. అందుకే కోయి చేపల బదులు గప్పీలనే చిన్న చేపలు. పది పన్నెండు వదిలితే చాలు, వాటంతట అవే పెరుగుతాయి, దోమ పిల్లల్ని తినేస్తాయి, పైన మేత కూడా పెద్దగా అక్కర్లేదు. మొక్కలు నాటి నీళ్ళు నింపిన వారానికి చేపలు వెయ్యండి, ఒకేసారి అన్నీ కాకుండా.

నైరుతి సంగతి. వాస్తు నా సబ్జెక్టు కాదు, కానీ ఇల్లు అమ్మే ధర నా సబ్జెక్టే. గుంటూరు, విజయవాడల్లో ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళు పది మందిలో ఎంతమంది దిక్కులు చూడకుండా రేటు మాట్లాడతారో మీకే తెలుసు, నైరుతిలో సిమెంటు తొట్టి కనపడితే నమ్మినవాడు వెనక్కి పోతాడు, నమ్మనివాడు అదే సాకు పెట్టి రేటు తగ్గిస్తాడు. జాగాలో ఈశాన్యం వైపు వీలుంటే అక్కడ తవ్వండి, ఇంట్లో గొడవా ఉండదు. షీటు కొలనులో ఇంకో లాభం, వద్దనుకున్న రోజు షీటు లాగేసి మట్టి కప్పితే గంటల్లో చదునైపోతుంది, పిల్లలకి ఇల్లు అప్పజెప్పేటప్పుడు కూడా ఇబ్బంది లేదు. ఇంటి మీద ఇన్సూరెన్స్ ఉంటే (లేకపోతే తీసుకోండి, భారత్ గృహ రక్ష పాలసీలో వరద కవర్ ఉంది, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చాక విజయవాడలో దాని విలువ తెలిసింది) కొలను, పంపు అందులోకి వస్తాయా లేదా అని కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

కోయి పిల్లల్ని అమ్మి ఖర్చు రాబట్టటం గురించి, ఆ మాట నమ్మి ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. రంగు, గీతలు బాగున్న చేపకే ధర, మామూలు పిల్లల్ని కొట్టువాళ్ళు కూరగాయల రేటుకి కూడా తీసుకోరు, రంగులు చూసి ఏరటానికి ఏళ్ళ అనుభవం, వేరే తొట్లు, వేరే మేత కావాలి. అది వ్యాపారం. అంత లాభముంటే మీకు కొలను కట్టిపెట్టే బదులు ఆయనే పెట్టుకునేవాడు.

సెలవులకి మనవళ్ళొస్తారని రాశారు. రెండడుగుల నీళ్ళే కదా అనుకోవద్దు, చిన్నపిల్లలకి అది చాలా ఎక్కువ. నీటి మట్టానికి రెండంగుళాల కింద వెల్డింగ్ మెష్ (ఇనుప వల) ఒకటి పరిపించండి, కలువలు సందుల్లోంచి వస్తాయి, ఆ ఖర్చు 41 వేల లోపలే ఇమడాలి, ఇమడకపోతే తామర తర్వాత కొనండి, మెష్ ముందు.

వానాకాలంలో తవ్వొద్దు, రేగడి బురదలో కూలీలు రోజంతా కష్టపడినా సగం పనే అవుతుంది. సంక్రాంతి తర్వాత తవ్వించుకుంటే మాఘంలో దుంపలు నాటొచ్చు. షీటు మాత్రం గుంత తవ్వాకే కొలిచి కొనండి, పొడవుకి రెండు లోతులు, అంచుకి రెండడుగులు కలిపితే 14, వెడల్పుకి అలాగే 11, మొత్తం 154 చదరపుటడుగులు, కొట్టువాడు 200 తీసుకోమంటాడు, అక్కర్లేదు.