వాపసు కౌంటరు అద్దె కొట్టు కాదు

“కాస్ట్‌కోలో పెద్ద టీవీ కొనుక్కుని, వరల్డ్ కప్ అయ్యాక వెనక్కిచ్చేస్తే డబ్బు మొత్తం ఇచ్చేస్తారంట కదా?”

హైదరాబాద్ నుంచి అమెరికా బయల్దేరే పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఇది తప్పకుండా ఉంటుంది. ముందు వెళ్లిన సీనియర్లు వాట్సాప్‌లో చెప్పి ఉంటారు. కాస్ట్‌కో అంటే సభ్యత్వం కట్టినవాళ్లకి అమ్మే పెద్ద గొలుసు దుకాణం. ఇస్తారు, నిజమే. 90 రోజుల్లోపు తీసుకెళ్తే ఎందుకని గట్టిగా అడగరు కూడా. అయినా ఆ పని చేయొద్దనే మా సలహా. ఎందుకు వద్దో, న్యాయంగా వాపసు చేయాల్సి వచ్చినప్పుడు డబ్బు పోకుండా ఎలా చేయాలో ఇక్కడ చెప్తున్నాం.

మన సుల్తాన్ బజార్‌లో చీర కొన్నా, జగదీష్ మార్కెట్‌లో ఫోన్ కవర్ కొన్నా బిల్లు అడుగున ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. మహా అయితే మార్చి ఇస్తారు, అదీ ట్యాగు ఊడకుండా తెస్తేనే. సరుకులో లోపం ఉంటే బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. కానీ ఆ సంగతి చెప్పి కొట్టువాడితో వాదించే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అలా పెరిగినవాళ్లకి అమెరికాలో కౌంటర్ అవతలి మనిషి నవ్వుతూ డబ్బు తిరిగివ్వడం చూస్తే, ఇదేదో ఈ దేశపు చట్టం అనిపిస్తుంది.

చట్టం కాదు. మనసు మారిందని వస్తువు తిరిగిస్తే డబ్బు ఇచ్చి తీరాలని అమెరికా ఫెడరల్ చట్టం ఏ కొట్టునీ బలవంతపెట్టదు. ఇంటికొచ్చి అమ్మేవాళ్ల దగ్గర కొన్నవాటికి మూడు రోజుల రద్దు హక్కు ఒకటుంది, అది వేరే సంగతి. కొన్ని రాష్ట్రాలు మాత్రం, నీ వాపసు షరతులు కనబడేలా రాసిపెట్టు అంటాయి. న్యూయార్క్‌లో అలా రాసిపెట్టకపోతే వాడని వస్తువుని 30 రోజుల్లోపు, న్యూజెర్సీలో 20 రోజుల్లోపు వాపసు తీసుకోవాలి. మిగతాదంతా కొట్టు తనంతట తాను ఇచ్చే వెసులుబాటు. తనంతట తాను ఇచ్చింది కాబట్టి ఎప్పుడైనా తీసేసుకోగలదు, తీసేసుకుంది కూడా.

కాస్ట్‌కోలో ఒకప్పుడు టీవీలకీ గడువు లేదు. కొత్త మోడల్ రాగానే రెండేళ్ల పాత టీవీ ఇచ్చి డబ్బు తీసుకునేవాళ్లు పెరిగిపోయారు, 2007లో 90 రోజుల గడువు వచ్చింది. కొండలెక్కేవాళ్ల సామాన్లమ్మే ఆర్‌ఈఐ ఎన్నేళ్ల తర్వాతైనా తీసుకునేది. 2013లో ఏడాది దాటితే తీసుకోం అంది. బూట్లకి పేరుపడ్డ ఎల్.ఎల్.బీన్ జీవితకాలం హామీ ఇచ్చేది. పాత సామాన్ల అమ్మకాల్లో కొన్న అరిగిపోయిన బూట్లని కూడా జనం తెచ్చి డబ్బు అడగడంతో 2018 ఫిబ్రవరిలో ఏడాదికి కుదించింది. నిజంగా బూటు పగిలినవాడు కూడా ఆ రోజు నుంచి నష్టపోయాడు.

తప్పొప్పులు తేల్చడానికి మేం చెప్పే కొలత ఒకటే. కొనేటప్పుడే వెనక్కిచ్చే తేదీ మనసులో ఉందా? ఉంటే అది కొనుగోలు కాదు, చెప్పకుండా తీసుకున్న అద్దె. జాకెట్ ఇంటికి తెచ్చి వేసుకుంటే భుజాల దగ్గర బిగుతుగా ఉంది, ఇచ్చేయండి. రైస్ కుక్కర్ వారానికే అన్నం మాడుస్తోంది, ఇచ్చేయండి. కాస్ట్‌కోలో కొన్న మామిడిపళ్ల పెట్టెలో సగం కుళ్లిపోయాయి, నిక్షేపంగా ఇచ్చేయండి, దానికి మొహమాటం అక్కర్లేదు. ట్యాగు లోపలికి దోపి బతుకమ్మకి లెహంగా కట్టుకుని సోమవారం ఇచ్చేయడం, యెల్లోస్టోన్ పార్కుకి వెళ్లొచ్చాక కెమెరా ఇచ్చేయడం, అమ్మానాన్న ఆరు నెలలుండి హైదరాబాద్ వెళ్లిన మర్నాడే పరుపూ ట్రెడ్‌మిల్లూ మోసుకెళ్లడం వేరు. దుస్తుల విషయంలో దీన్ని అమెరికా కొట్లవాళ్లు వార్డ్‌రోబింగ్ అంటారు. దీన్ని అడ్డుకోవడానికే బ్లూమింగ్‌డేల్స్ అనే గొలుసు దుకాణం 2013లో ఖరీదైన దుస్తులకి బయటికి కొట్టొచ్చినట్టు కనబడే చోట పెద్ద ట్యాగు తగిలించడం మొదలుపెట్టింది. అది తీస్తే వాపసు లేదు.

“అంత పెద్ద కంపెనీకి ఒక టీవీ లెక్కా?” అంటారు. పెట్టె విప్పిన టీవీని మళ్లీ కొత్తదిగా అమ్మలేరు. ధర తగ్గించి ఓపెన్ బాక్స్ కింద అమ్మాలి, లేదా మిగులు సరుకు టోకున కొనే లిక్విడేటర్లకి లాట్లు లాట్లుగా తక్కువ ధరకి వదిలించుకోవాలి. తిండి వస్తువులూ లోదుస్తులూ చాలావరకు చెత్తలోకే. పసిపిల్లల కారు సీటు ఏదైనా యాక్సిడెంట్‌లో పడిందేమో ఎవరూ చెప్పలేరు కాబట్టి దాన్ని మళ్లీ అమ్మడమూ కష్టమే. అక్కడి దుకాణదారుల సంఘం నేషనల్ రిటైల్ ఫెడరేషన్ లెక్క ప్రకారం 2023లో అమెరికాలో వెనక్కొచ్చిన సరుకు విలువ 74,300 కోట్ల డాలర్లు. అందులో మోసపు వాపసుల వాటా 10,100 కోట్లు. ఆ భారం చివరికి ధరల్లోనే కలుస్తుంది, మీ రూమ్మేట్ కొనే పాల డబ్బాతో సహా.

ఇక కొట్టు చూడట్లేదనుకోవడం పెద్ద పొరపాటు. వాపసు కౌంటర్లో డ్రైవర్ లైసెన్స్ అడిగి స్కాన్ చేసేది ఊరికే కాదు. ది రిటైల్ ఈక్వేషన్ అనే సంస్థ పలు గొలుసు దుకాణాల తరఫున ఎవరు ఎన్నిసార్లు, ఎంత విలువకి, రసీదుతోనా, లేకుండానా వాపసులు చేశారో నమోదు చేస్తుంది. హద్దు దాటితే తెర మీద “హెచ్చరిక” అనో, “తిరస్కరణ” అనో వస్తుంది. అప్పుడు కౌంటర్లో అమ్మాయితో గొడవపడి లాభం లేదు, నిర్ణయం ఆమెది కాదు. మీ పేరు మీద ఏం రాసి ఉందో చూపించే నివేదికని ఆ సంస్థనే అడిగి తెప్పించుకోవచ్చు. దీనికీ క్రెడిట్ స్కోరుకీ సంబంధం లేదు. అమెజాన్ మాత్రం అతిగా వాపసులు చేసే ఖాతాలనే మూసేస్తుంది. కాస్ట్‌కోకి కారణం చెప్పకుండా సభ్యత్వం రద్దు చేసే హక్కుందని నిబంధనల్లోనే ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది మర్యాదకి సంబంధించింది. ఇప్పుడు చెప్పేది నేరం. కొత్త బ్లెండర్ పెట్టెలో పాతది పెట్టి ఇవ్వడం, ధర స్టిక్కర్ మార్చడం, పార్కింగ్‌లో దొరికిన రసీదు పట్టుకుని షెల్ఫ్ మీద వస్తువు తీసి కౌంటర్లో ఇవ్వడం, పార్సిల్ అందినా అందలేదని క్రెడిట్ కార్డువాళ్లకి ఫిర్యాదు చేయడం, ఖాళీ పెట్టె పంపడం. ఇవి దొంగతనం, మోసం కింద కేసులవుతాయి. మోసాన్నీ, ఇలాంటి దొంగతనాన్నీ ఇమిగ్రేషన్ చట్టం సాధారణంగా నైతిక పతనంతో కూడిన నేరంగా చూస్తుంది. మొత్తం నలభై డాలర్లే అయినా సరే. అరెస్టు జరిగితే కోర్టు తేల్చకముందే వీసా రద్దు కావచ్చు. దొంగతనం లాంటివి చేస్తే వీసా రద్దవుతుందని, ఇకముందు వీసాకి అర్హత కూడా పోవచ్చని మన దేశంలోని అమెరికా రాయబార కార్యాలయం 2025 జులైలో బహిరంగంగానే హెచ్చరించింది.

ఇందులో చాలామంది దెబ్బతినే చోటు ఇంకొకటుంది. మొదటిసారి చిన్న కేసైతే కోర్టు డైవర్షన్ ప్రోగ్రాం ఇస్తుంది. క్లాసులకి వెళ్లి ఫీజు కడితే కేసు కొట్టేస్తారు. కానీ అందులో చేరడానికి నేరం ఒప్పుకుంటే, రాష్ట్రం దృష్టిలో కేసు లేకపోయినా ఇమిగ్రేషన్ దృష్టిలో శిక్షపడ్డట్టే లెక్క కావచ్చు. కాబట్టి క్రిమినల్ లాయర్ ఒక్కడు చాలడు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించాలి. తర్వాత ఎప్పుడో పెళ్లికి హైదరాబాద్ వచ్చి, నానక్‌రాంగూడ అమెరికా కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్‌కి డీఎస్-160 దరఖాస్తు నింపుతుంటే “ఎప్పుడైనా అరెస్టయ్యారా” అన్న ప్రశ్న వస్తుంది. కేసు కొట్టేసినా జవాబు అవుననే రాయాలి, కోర్టు కాగితాలు వెంట ఉండాలి. అక్కడ అబద్ధం రాస్తే అసలు కేసుకన్నా అదే పెద్ద తప్పవుతుంది.

సరే, న్యాయమైన వాపసు ఎలా చేయాలి? ముందు గడువులు తెలియాలి. ఇవి మారుతుంటాయి కాబట్టి రసీదు వెనక చూసుకోండి. వాల్‌మార్ట్‌లో చాలా వస్తువులకి 90 రోజులు, ఎలక్ట్రానిక్స్‌కి 30. టార్గెట్‌లోనూ అంతే, కానీ ఆపిల్ వస్తువులకి 15 రోజులే, వాళ్ల సొంత బ్రాండ్లకి రసీదుంటే ఏడాది. ఎలక్ట్రానిక్స్ అమ్మే బెస్ట్ బైలో మామూలు ఖాతాదారుకి 15 రోజులు, ఫోన్లకి 14. తెరిచిన ఫోన్ ఇస్తే రీస్టాకింగ్ ఫీజు, అంటే వెనక్కి తీసుకున్నందుకు కోత, పడుతుంది. ఆపిల్ స్టోర్ 14. అమెజాన్ సాధారణంగా 30, నవంబరు, డిసెంబరుల్లో కొన్నవాటికి జనవరి 31 దాకా. ఫర్నిచర్ అమ్మే ఐకియాలో విప్పని పెట్టెకి 365, విప్పినదానికి 180. అమెజాన్, వాల్‌మార్ట్ సైట్లలో బయటి అమ్మకందార్లు ఉంటారు, వాళ్ల షరతులు వేరు. కొనేముందు “ఎవరు అమ్ముతున్నారు” అన్న వరస చదవండి. “ఫైనల్ సేల్” అని ఉంటే ఇక తిరుగు లేదు.

రసీదు ఇంటికి రాగానే ఫోటో తీయండి. ఆ కాగితం మీద అచ్చు ఎండకి, కారు వేడికి మాయమైపోతుంది. గడువు పూర్తయ్యేదాకా పెట్టె, లోపలి అట్టలు, కేబుళ్లు పారేయొద్దు. ఒక్క రిమోట్ తగ్గితే దాని ధర కోసేస్తారు. రసీదు లేకుండా వెళ్తే కొన్ని కొట్లు తీసుకోవు, కొన్ని ఐడీ చూసి తీసుకున్నా ఈ మధ్య అమ్మిన అతి తక్కువ ధరకే, అదీ స్టోర్ క్రెడిట్‌గా ఇస్తాయి. కాస్ట్‌కోలో మాత్రం కొన్నవన్నీ సభ్యత్వం మీద నమోదై ఉంటాయి, రసీదు పోయినా పనవుతుంది. ఏ కార్డుతో కొన్నారో అదే తీసుకెళ్లండి. డబ్బు ఆ కార్డులోకే, కొన్ని పనిదినాల తర్వాత వస్తుంది. ఫోనో ల్యాప్‌టాపో ఇచ్చేముందు ఐక్లౌడ్ నుంచి, గూగుల్ ఖాతా నుంచి బయటికి వచ్చి, తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఈ వరస తప్పితే ఫోన్ తాళం పడిపోయి వాపసు తీసుకోరు. అమెజాన్ వస్తువుని యూపీఎస్ కొరియర్ కొట్లోనో కోల్స్ దుకాణంలోనో ఇచ్చినప్పుడు వాళ్లిచ్చే చీటీ డబ్బు ఖాతాలో పడేదాకా దాచండి.

టీవీ, కంప్యూటర్ కాస్ట్‌కోలో కొని 90 రోజులు దాటాక పాడైతే వాపసు గొడవ వద్దు. వాటికి వారంటీని కాస్ట్‌కో రెండేళ్లకి పెంచుతుంది, ఫోన్ చేస్తే సాంకేతిక సాయం ఉచితం. రూంలో నలుగురూ ఒకే కాస్ట్‌కో సభ్యత్వ కార్డు వాడటం కూడా కుదరదు. సభ్యుడితో పాటు అదే చిరునామాలో ఉండే ఇంకొక్కరికే ఉచిత కార్డు ఇస్తారు.

కొన్నాళ్లకే కావాల్సినవాటికి దారులు లేక కాదు. ఇంటర్వ్యూ సూట్లని చాలా యూనివర్సిటీల కెరీర్ సెంటర్లు ఉచితంగానో అరువుగానో ఇస్తాయి. మంచం, టేబుల్, అన్నం గిన్నెల దాకా, వస్తువులు ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే బై నథింగ్ గుంపుల్లో, సెమిస్టర్ చివర ఖాళీ చేసే విద్యార్థుల దగ్గర దొరుకుతాయి. డ్రిల్ మిషన్‌ని ఇంటి మరమ్మతు సామాన్లమ్మే హోం డిపోలో, టెంట్‌నీ స్లీపింగ్ బ్యాగ్‌నీ కొన్ని ఆర్‌ఈఐ కొట్లలో అద్దెకి తీసుకోవచ్చు. అమ్మానాన్న వస్తున్నారు, నాన్నకి మోకాళ్ల నొప్పి, వాకరో వీల్‌చైరో కావాలంటే చాలా ఊళ్లలో లోన్ క్లోజెట్ పేరుతో ఉచితంగా అరువిచ్చే చోట్లున్నాయి. ఊళ్లో పెద్దవాళ్ల కోసం ఉండే సీనియర్ సెంటర్‌లో అడిగితే దారి చూపిస్తారు.

చివరగా, హైదరాబాద్‌కి తీసుకెళ్లే సామాను. తమ్ముడి కోసం ఫోన్ కొని సీల్ విప్పకుండా సూట్‌కేసులో పెట్టేస్తారు. అక్కడ తెరిచేసరికి 14 రోజులు దాటిపోతాయి. కొన్న రోజే తెరిచి కెమెరా, స్పీకరు, చార్జింగ్ చూడండి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే గాడి లేదు, ఈసిమ్ ఒక్కటే. తమ్ముడికి అది పర్లేదా అని ముందే అడగండి. వంటింటి సామాను కొనేటప్పుడు అడుగున ఉన్న చీటీ చదవండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది. అలా కాలిన కుక్కర్‌ని తిరుగు ప్రయాణంలో మోసుకొచ్చి కౌంటర్లో పెట్టేవాళ్లున్నారు. ఆ కుక్కర్‌లో లోపం లేదు, దానికి వారంటీ కూడా వర్తించదు. 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉన్నదే తీసుకెళ్లండి. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్లు చాలావరకు అలాంటివే. మిక్సీ, కుక్కర్ లాంటివి మాత్రం అక్కడే అబిడ్స్‌లోనో కూకట్‌పల్లిలోనో కొనిపెట్టండి, పాడైతే బాగుచేసేవాడు కూడా దగ్గర్లోనే ఉంటాడు.