పెరటి కోళ్లు – పాఠకుల ప్రశ్నలు: కాళ్లు చాచేసిన కోడిపిల్ల

ప్రశ్న: థర్మోకోల్ పెట్టెలో బల్బు అమర్చి నాటుకోడి గుడ్లు పొదిగించాము. అన్నిటికంటే ఆఖరున, నిన్న సాయంత్రం బయటికి వచ్చిన పిల్ల రెండు కాళ్లూ చెరో పక్కకు చాచి పొట్ట మీదే పడి ఉంటోంది. కళ్లు చురుగ్గానే ఉన్నాయి, గట్టిగా అరుస్తోంది. ఆముదంలో పసుపు కలిపి కాళ్లకు మర్దన చేయమని మా అత్తగారు అంటున్నారు. ఇది బతికే పిల్లేనా?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: అమ్మా, మీరు రాసిన లక్షణాలను బట్టి అది బతికే పిల్లే, నడిచే అవకాశం కూడా బాగానే ఉన్న పిల్ల. అయితే రేపు మాపు అనకుండా ఈ రోజే దాని కాళ్లకు కట్టు వేయాలి. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో ఎముకలూ కీళ్లూ ఇంకా లేతగా ఉంటాయి కనుక చెప్పినట్లు వింటాయి. వారం గడిచిందంటే అదే వంకర గట్టిపడిపోతుంది.

కట్టు వేసే ముందు ఒక పరీక్ష చేయండి. పిల్లను అరచేతిలోకి తీసుకుని రెండు కాళ్లనూ మెల్లగా పొట్ట కిందికి చేర్చండి. ఎక్కడా అడ్డు తగలకుండా చేరి, రెండు వైపులా కీళ్లు ఒకే లావున, ఒకే తీరున కనిపిస్తే, తొడల దగ్గర పట్టు చాలక కాళ్లు జారిపోతున్నాయని అర్థం. దీనికి కట్టు చాలు. అలా కాక, కాలి నడుమ మనం మోకాలని పిలుచుకునే కీలు వాచి, వెనుక వైపు చదునుగా మారి, అక్కడి నుంచి కింది కాలు మెలి తిరిగి ఉంటే, కీలు వెనుక గాడిలో ఉండవలసిన స్నాయువు (కండను ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటిది) పక్కకు జారి ఉండవచ్చు. అటువంటి పిల్లకు ఈ కట్టు నొప్పినే తప్ప గుణాన్ని ఇవ్వదు. దానిని వెంటనే పశువైద్యుడికి చూపించాలి. రెండు కాళ్లకూ అలా జారితే మాత్రం కోలుకోవడం అరుదు.

కట్టుకు మందుల షాపులో దొరికే బ్యాండ్ ఎయిడ్ సరిపోతుంది. దానిని నిలువునా సగానికి కత్తిరించి, మధ్యలోని దూది భాగం రెండు కాళ్ల నడుమకు వచ్చేలా ఉంచి, అంటుకునే కొసలను చెరో కాలికి, కీలుకు కింద, పాదానికి పైన చుట్టండి. కాళ్ల మధ్య ఎడం ఆరోగ్యంగా నిలబడిన పక్క పిల్లకు ఎంత ఉందో అంతే ఉండాలి. నాటు పిల్లకు అది అంగుళానికి మించదు. మరీ దగ్గరగా కడితే పిల్ల తూలి పడుతుంది, మరీ దూరంగా కడితే కట్టిన ఫలితమే ఉండదు. దారం, రబ్బరు బ్యాండు ఎంతమాత్రం వాడవద్దు; అవి సన్నటి కాలిని కోసుకుపోయి రక్తప్రసారాన్ని ఆపేస్తాయి. కట్టిన అరగంటకు ఒకసారి వేళ్లు చూడండి. నీలి రంగుకు తిరిగినా, చల్లబడినా, ఉబ్బినా వెంటనే విప్పి వదులుగా కట్టాలి.

కట్టు పడగానే పిల్ల రెండు మూడుసార్లు ముందుకు బోర్లా పడుతుంది. చూడడానికి కష్టంగా ఉంటుంది గాని, కంగారుపడి విప్పేయకండి. చుట్ట చుట్టిన రెండు పాత గుడ్డల మధ్య నిలబెడితే కాళ్లు తన కిందే ఉన్నాయన్న సంగతి దానికి అలవాటవుతుంది. రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కోసారి కొద్ది నిమిషాలు అలా నిలబెట్టండి. పిల్ల వేగంగా పెరుగుతుంది కనుక రోజుకొకసారి కట్టు విప్పి, నడక చూసి, అవసరమైతే మళ్లీ వేయండి. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో కట్టు లేకుండా నడుస్తుంది.

మేత విషయంలో తొందర అక్కరలేదు. గుడ్డులోని పచ్చసొన పొట్టలోకి చేరి ఉంటుంది కాబట్టి పిల్ల రెండు రోజుల వరకు దాని మీదే గడుపుతుంది. నీళ్లు మాత్రం తనంతట తాను వెళ్లి తాగలేదు గనుక, ముక్కు కొసను గోరువెచ్చని నీటిలో ముంచి తాగించండి. ముక్కు రంధ్రాలు మునగకూడదు. నీళ్ల మూతలో గులకరాళ్లు వేసి ఉంచితే బోర్లా పడినా మునిగిపోదు. మొదటి వారం పిల్ల ఉండే చోట సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మన వైపు వేసవి మధ్యాహ్నాల్లో బల్బు ఆర్పి నీడ చూపించవలసి ఉంటుంది, కార్తీకంలో ముసురు పట్టిన రాత్రుల్లో మాత్రం బల్బు లేకుండా ఉంచకూడదు. మిగిలిన పిల్లలు దీనిని తొక్కుతాయి, పొడుస్తాయి. అందుకని అదే పెట్టెలో వల అడ్డం పెట్టి, వాటిని చూస్తూ ఉండేలా వేరుచేయండి. పూర్తిగా ఒంటరిగా ఉంచితే అరిచి అరిచి నీరసించిపోతుంది.

మీ అత్తగారి మాటకు ఎదురు చెప్పడం నా ఉద్దేశం కాదు గాని, ఆముదం నూగుకు అంటితే పిల్ల ఒంటి వేడి నిలవదు, జిడ్డు మీద కట్టూ అంటదు. ఆ మర్దన ఇక్కడ వద్దు.

ఇక కారణం మీ పెట్టెలోనే ఉండవచ్చు. థర్మోకోల్ అడుగు, దాని మీద పరిచే న్యూస్ పేపరు రెండూ నున్నగా ఉంటాయి. తడిగా బయటికి వచ్చిన పిల్లకు కాలు ఆనదు. గుడ్లను పొదగడానికి పెట్టెలో ఉంచిన 18వ రోజున, వాటిని తిప్పడం ఆపేసేటప్పుడే, అడుగున ఉతికి ఆరేసిన గోనెపట్టా పరిచి ఉంచండి. పెట్టెలో గాలి తిప్పే ఫ్యాను ఉంటే వేడి 37.5 డిగ్రీల దగ్గర, లేకపోతే 38.5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. కరెంటు పోయి వచ్చి వేడి అటూ ఇటూ అయినా పిల్లలు ఆలస్యంగా, బలహీనంగా వస్తాయి, వాటిలో కొన్నిటికి కాళ్ల లోపం ఉంటుంది. పెట్టెలో థర్మామీటరును గుడ్ల పై మట్టానికి ఉంచి చూడండి, మూత దగ్గర కాదు.

ప్రశ్న: మా పెట్ట తానే పొదిగిన పిల్లల్లో ప్రతిసారీ ఒకటి రెండింటికి కాలివేళ్లు లోపలికి ముడుచుకుని ఉంటున్నాయి. పెట్టకు నూకలు, సజ్జలే వేస్తున్నాం. పెట్టను మార్చాలా?
– ఒక రైతు, పొదిలి

జవాబు: అయ్యా, పెట్టను మార్చే ముందు మేత మార్చండి. గింజలు ఒక్కటే తినే పెట్ట గుడ్డులో రైబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్ చాలకపోవచ్చు, ఆ లోటు పిల్ల వేళ్లలో కనిపిస్తుంది. మునగాకు, అవిసాకు తరిగి వేయండి, మజ్జిగ పోయండి, వీలైతే గుడ్లకోళ్ల దాణా కొంత కలపండి. ఇప్పుడున్న పిల్లల వేళ్లను సాపు చేసి, పాదం ఆకారంలో కత్తిరించిన అట్టముక్కకు ప్లాస్టరుతో అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. బి కాంప్లెక్స్ మందు ఎంత కలపాలో పశువైద్యశాలలో గాని, 1962 నంబరుకు ఫోన్ చేసి గాని అడిగి తెలుసుకోండి. మందు కలిపిన నీళ్లను ఎండలో పెట్టవద్దు. వెలుతురుకు ఆ విటమిన్ పాడవుతుంది. మేత మార్చిన రెండు వారాల తర్వాత పెట్టిన గుడ్లనే పెన్సిలుతో తేదీ వేసి పొదగేయండి. వాటిలోనూ వేళ్లు ముడుచుకున్న పిల్లలు వస్తే అప్పుడు పెట్ట సంగతి ఆలోచించవచ్చు.