ముసురులో జింకల వేటకు వెళ్తే ఒంటి మీద ఏముండాలి?

"అన్నా, విస్కాన్సిన్ వచ్చి ఎనిమిది నెలలైంది. థ్యాంక్స్ గివింగ్ ముందు శనివారం మా టీమ్ లీడ్ వాళ్ల నాన్నగారి పొలానికి జింకల వేటకు రమ్మంటున్నాడు. ఏం వేసుకోవాలో తెలియడం లేదు. వచ్చిన కొత్తలో కొన్న పెద్ద జాకెట్, జీన్స్ సరిపోతాయా?"

అక్టోబర్ వచ్చిందంటే కనీసం ఇద్దరు ముగ్గురైనా నన్ను ఈ మాట అడుగుతారు. అందుకే అందరికీ పనికొచ్చేలా ఒకేచోట రాస్తున్నాను. జాకెట్ కొంతవరకు పనికొస్తుంది. జీన్స్ మాత్రం అస్సలు వద్దు.

పిలిస్తే తప్పకుండా వెళ్లండి. ఇక్కడ, అంటే అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, తుపాకీతో జింకలను వేటాడే సీజన్ తొమ్మిది రోజులే. నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్ గివింగ్ పండగ ముందు శనివారం మొదలై, పండగ తర్వాత వచ్చే ఆదివారంతో ముగుస్తుంది. సీజన్ మొదలయ్యాక వచ్చే సోమవారం ఆఫీసులో ఎన్నో కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి. తాత, తండ్రి, మనవరాలు ఒకే కప్పు కింద చేరే రోజులవి. మనం సంక్రాంతికి ఊరికి రమ్మని స్నేహితుణ్ని పిలిచినట్టే వాళ్లు మిమ్మల్ని పిలుస్తున్నారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. కాబట్టి మనలో చాలామందికి ఇది బొత్తిగా తెలియని లోకం. ఏం వేసుకోవాలో చెప్పే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉండరు.

బట్టల సంగతికి ముందు తుపాకీ సంగతి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. ఆ లైసెన్స్ చేతిలో లేనప్పుడు "ఒక్కసారి పట్టుకుని చూడు" అని ఎంత ప్రేమగా ఇచ్చినా పట్టుకోవద్దు. ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. దానికి తోడు, 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఇక్కడ మామూలుగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. నా సలహా అడిగితే, మొదటి ఏడాది తుపాకీ లేకుండా పక్కన కూర్చుని చూడండి. చలికి ఆ తేడా తెలియదు కాబట్టి బట్టలు మాత్రం అందరికీ ఒక్కటే.

నేను మొదటిసారి వెళ్లింది విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌కు ఉత్తరాన, చిత్తడి నేల పక్కనున్న ఒక అడవికి. తెల్లవారుజామున 38 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 3 సెంటీగ్రేడ్. మంచు లేదు, సన్నటి ముసురు. జనవరిలో మైనస్ 20 చూసినవాణ్ని, ఇదో చలా అనుకున్నాను. ఒంటికి కాటన్ బనీను, దాని మీద కాటన్ టీషర్టు, స్వెట్టర్, పెద్ద జాకెట్, కింద జీన్స్. కారు దగ్గరే అన్నీ వేసుకుని, జిప్పు మెడదాకా లాగి, చీకట్లో ముప్పావు మైలు నడిచాను. కూర్చునేసరికి బనీను చెమటకు వీపుకి అతుక్కుపోయింది. గడ్డి మీది తడికి జీన్స్ మోకాళ్ల దాకా నల్లబడింది. గంటన్నరకు వణుకు మొదలైంది. వేడి టీ తాగుదామని ఫ్లాస్కు మూత తిప్పబోతే వేళ్లు కొంకర్లు పోయి పట్టు దొరకలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కినా అది తిరగలేదు. నన్ను తీసుకెళ్లిన పెద్దాయన ఏదో అడిగితే నా మాట ముద్దముద్దగా వచ్చింది. ఆయన ఇంకేమీ అడగలేదు. తుపాకీలోంచి తూటాలు తీసేసి, నా భుజం పట్టుకుని కారు దాకా నడిపించాడు. తడి బట్టలన్నీ విప్పించి తన ఉన్ని చొక్కా తొడిగాడు. హీటర్ ముందు కూర్చున్నాక కూడా వణుకు తగ్గడానికి ముప్పావు గంట పట్టింది.

ఒంటి వేడి అలా పడిపోవడాన్నే హైపోథెర్మియా అంటారు. నీళ్లు గడ్డకట్టేంత చలి ఉంటేనే అది వస్తుందనుకోకండి. 40, 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో వాన, గాలి తోడైతే చాలు. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. పొడి చలిలో మైనస్ 10 సెంటీగ్రేడ్ దగ్గర హాయిగా కూర్చోగలిగిన మనిషి, తడిసిన బనీనుతో ప్లస్ 3 దగ్గర కూలబడిపోతాడు. ఆ తడి వానవల్లే రానక్కర్లేదు, మన చెమట చాలు. పక్కనున్న మనిషి వస్తువులు జారవిడుస్తున్నా, మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా వేట అక్కడితో ఆపేసి వెనక్కి తీసుకురండి.

పక్కనే ఉన్న మిన్నెసోటాలో పాతవాళ్లు 1940 నవంబర్ 11 గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజుకు గుర్తుగా ఇచ్చే ఆర్మిస్టిస్ డే సెలవు. పొద్దున వెచ్చగా ఉందని బాతుల వేటగాళ్లు పల్చటి బట్టలతో మిసిసిపీ నది లంకల్లోకి వెళ్లారు. ముందు వాన, ఆ తర్వాత గాలి, మంచుతుపాను. ఆ ఒక్క రాష్ట్రంలోనే 49 మంది పోయారు, అందులో సగం మంది దాకా ఆ వేటగాళ్లే. పొద్దున ఆకాశం చూసి బట్టలు తగ్గించుకోవద్దని ఇక్కడి పెద్దవాళ్లు అంత పట్టుబట్టి చెప్పడం ఊరికే కాదు.

ఇక ఒంటికి తగిలే మొదటి పొర. ఇక్కడ కాటన్ వద్దే వద్దు. బనీను, డ్రాయరు, సాక్స్, అన్నిటికీ ఇదే మాట. మన ఎండలకు కాటన్‌ను మించింది లేదు. చెమటను పీల్చి పట్టుకుని చల్లబరుస్తుంది కాబట్టే అక్కడ అంత సుఖం. ఆ గుణమే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. మెరీనో గొర్రెల మెత్తటి ఉన్నిది గానీ పాలిస్టర్‌ది గానీ ఒంటికి అంటుకునేలా ఉండే చొక్కా, ప్యాంటు తీసుకోండి. నేనైతే మెరీనోకే ఓటేస్తాను. ఉన్ని పోగు తన బరువులో సుమారు 30 శాతం తేమను లోపలికి తీసుకున్నా చర్మానికి తడి తెలియనివ్వదు. రెండు రోజులు వేసుకున్నా వాసన పెద్దగా రాదు. పాలిస్టర్ చవక, త్వరగా ఆరుతుంది, కానీ మొదటి రోజు సాయంత్రానికే చెమట కంపు కొడుతుంది.

ఉన్ని తడిసినా వెచ్చగా ఉంటుందన్న సంగతి నాకు అమెరికా వచ్చాకే తెలిసింది గానీ, మా తాత దగ్గరే తెలియాల్సింది. నల్లగొండ పక్క మా ఊళ్లో గొర్ల కాపర్లు వానలో చేను గట్టు మీద నిలబడేది గొంగడి కప్పుకునే. డెక్కనీ గొర్రెల ముతక ఉన్ని, చింతగింజల గంజి పట్టించి కురుమలు నేసింది. తల మీంచి ముసుగులా వేసుకుంటే వాన పైపైనే జారిపోయేది. మా తాత గొంగడి పైన తడిసి బరువెక్కినా, దాని కింద దూరితే వెచ్చగా ఉండేది. ఇక్కడ ముసలి వేటగాళ్లు మందపాటి ఉన్ని ప్యాంట్లు, గళ్ల ఉన్ని కోట్లు వదలకపోవడం చూసినప్పుడల్లా నాకు ఆ గొంగడే గుర్తొస్తుంది. అలాంటి ఉన్ని బట్టలు, పాత మిలిటరీ ప్యాంట్లు సెకండ్ హ్యాండ్ షాపుల్లో బాగా తక్కువకే దొరుకుతాయి. కొత్తవి కొనేముందు అక్కడ ఒకసారి వెతకండి. ఉన్నికి ఇంకో మేలుంది. కొమ్మకు రాసుకున్నా చప్పుడు చేయదు.

మధ్య పొరకు ఫ్లీస్ (నూగు నూగుగా ఉండే మెత్తటి పాలిస్టర్ గుడ్డ) గానీ ఉన్ని స్వెట్టర్ గానీ చాలు. దాని మీద మందపాటి జాకెట్. మీ దగ్గరున్న పెద్ద జాకెట్ లేబుల్ చదవండి. డౌన్ అని ఉంటే అది బాతు ఈకల నూగు. పొడి చలికి దాన్ని మించింది లేదు, తడిస్తే మాత్రం ముద్దకట్టి చతికిలబడుతుంది. ముసురు రోజుకు ప్రిమాలాఫ్ట్ లాంటి సింథటిక్ ఇన్సులేషన్ ఉన్నదే మంచిది. డౌన్ జాకెట్ తప్ప వేరే లేకపోతే దాని మీద వాన చొరని కోటు తప్పనిసరి.

నేను కొత్తవాళ్లకు పదే పదే చెప్పేదొకటుంది. నడిచేటప్పుడు ఆ జాకెట్ వేసుకోకండి, మోసుకెళ్లండి. కారు దిగగానే చలి జివ్వుమంటుంది, అన్నీ తొడుక్కోవాలనిపిస్తుంది. ఓర్చుకోండి. మొదటి పొర, ఫ్లీస్, ఆరెంజ్ వెస్టు (చేతుల్లేని కోటు, ఎందుకో కింద చెబుతాను), అంతే. ముసురుంటే పైన పల్చటి వాన కోటు, జిప్పు సగం తీసి, దాని మీద వెస్టు. జాకెట్ ప్లాస్టిక్ సంచిలో చుట్టి బ్యాగులో పెట్టండి. మెల్లగా, చెమట పట్టకుండా నడవండి. కూర్చునే చోటికి చేరి, ఐదు నిమిషాలు ఆగి, ఒంటి ఆవిరి పోయాక అప్పుడు జాకెట్ వేసుకోండి. వేటలో నడక అరగంట, కదలకుండా కూర్చోవడం నాలుగైదు గంటలు. బట్టలు ఆ కూర్చునే గంటల కోసమే.

వాన కోటు గురించి షాపుల్లో చాలా చెబుతారు. గోర్-టెక్స్ లాంటి పొరల్లో రంధ్రాలు నీటి చుక్క కంటే వేల రెట్లు చిన్నవి, ఆవిరి మాత్రం బయటికి పోతుంది. నిజమే. కానీ పై గుడ్డకు పూసిన నీరు జారే పూత అరిగిపోతే, గుడ్డ నీళ్లు తాగి ఆవిరికి దారి మూసుకుపోతుంది. అప్పుడు కోటు కారుతోందనుకుంటాం, నిజానికి అది మన చెమటే. లేబుల్ మీద చెప్పినట్టు ఉతికి, డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద తిప్పితే ఆ పూత చాలావరకు మళ్లీ పని చేస్తుంది. కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. షాపులోనే కోటు తొడుక్కుని చెయ్యి మెల్లగా పైకెత్తండి. చిప్స్ ప్యాకెట్‌లా గరగరలాడితే అది వేటకు పనికిరాదు. పైన మెత్తటి నూగు ఉన్న గుడ్డ చూసుకోండి. మొదటి ఏడాదికి మాత్రం ఖరీదైన వాన కోటు మీద డబ్బు పెట్టవద్దు. ఆ డబ్బు బూట్ల మీద పెట్టండి.

రంగు విషయంలో మన ఇష్టానికి వదలలేదు. తుపాకీ సీజన్‌లో నడుము పైన కనబడే బట్టల్లో కనీసం 50 శాతం బ్లేజ్ ఆరెంజ్ గానీ ఫ్లోరసెంట్ పింక్ గానీ ఉండాలని విస్కాన్సిన్ చట్టం. టోపీ పెట్టుకుంటే దానికీ అంతే. వెస్టు అన్నిటికన్నా పైన ఉండాలి. చలేసి దాని మీద నల్ల జాకెట్ వేసుకోవడం మనవాళ్లు చేసే తప్పు. అందుకే జాకెట్ మీద పట్టేంత పెద్ద సైజు వెస్టు కొనండి. తుపాకీ లేకుండా వెళ్లినా ఆరెంజ్ వేసుకోవాల్సిందే. ఇంత మెరిసే రంగు జింకకు కనబడదా అని అడుగుతారు. జింకల కంటికి ఎరుపు, నారింజ రంగుల తేడా తెలియదు, నీలం మాత్రం బాగా తెలుస్తుంది. జీన్స్ వద్దనడానికి ఇది రెండో కారణం. బట్టలను తళతళలాడించే డిటర్జెంట్లు కూడా వాడొద్దు. అవి మిగిల్చే నీలి మెరుపు జింకల కంటికి మనకన్నా బాగా ఆనుతుంది.

బూట్ల దగ్గర గ్రాముల లెక్క ఉంటుంది. 400, 800, 1000 అని రాసి ఉండేది బూటు బరువు కాదు, లోపల వెచ్చదనానికి పెట్టే ఇన్సులేషన్ చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో ఆ లెక్క. కూర్చునే వేటకు 800కు తగ్గకండి. బురద, తడి గడ్డి ఉన్నచోట మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు మేలు. అర సైజు పెద్దది తీసుకోండి. బిగుతు బూటులో రెండు జతల సాక్స్ కుక్కితే రక్తం ఆడక కాళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. వేసుకుని వెళ్లిన సాక్స్ నడకకే తడుస్తాయి కాబట్టి, జిప్ కవర్లో ఇంకో జత పెట్టుకుని కూర్చున్నాక మార్చుకోండి. ఇంత చిన్న పనికి అంత సుఖం ఇంకెందులోనూ రాదు.

చేతులకు మందపాటి గ్లవుజులకన్నా, పల్చటి ఉన్ని గ్లవుజులు వేసుకుని నడుముకు కట్టుకునే మఫ్‌లో (రెండు వైపులా తెరిచి ఉండే గొట్టం లాంటి సంచి) చేతులు దూర్చడం మంచిది. అందులో హ్యాండ్ వార్మర్లు వేయండి. వాటిలో ఉండేది ఇనుప పొడి, గాలి తగిలితేనే వేడెక్కుతుంది. రబ్బరు బూటు లోపల వేస్తే సరిగ్గా పనిచేయకపోవడానికి కారణం అదే. మెడకు, చెవులకు అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపిన మంకీ క్యాప్ భేషుగ్గా పనికొస్తుంది, పైన ఆరెంజ్ టోపీ పెట్టుకుంటే సరి. కింద పరుచుకోవడానికి ఒక ఫోమ్ ముక్క, జేబులో రెండు సున్నుండలు. ఒళ్లు వేడి పుట్టించుకోవాలంటే లోపల ఇంధనం ఉండాలి.

వాళ్లు మిమ్మల్ని ట్రీ స్టాండ్ ఎక్కిస్తే, అది మన చేల మీది మంచె లాంటిదే, కానీ చెట్టుకు కట్టి ఉంటుంది. నడుముకు, తొడలకు, భుజాలకు బిగించే హార్నెస్ లేకుండా ఎక్కవద్దు. ముందు రోజు ఇంట్లోనే జాకెట్ మీద హార్నెస్ వేసుకుని పట్టీలు సరిచేసుకోండి. చీకట్లో, గ్లవుజులతో ఆ బకిల్స్ అందవు.

మన ఇళ్లకే ఉన్న ఒక ఇబ్బంది చెప్పి ముగిస్తాను. జింకకు కన్ను కన్నా ముక్కు చురుకు. అపార్ట్‌మెంట్‌లో వంటింటి పక్క కోట్ల అల్మారా ఉంటుంది. ఇంగువ, వెల్లుల్లి పోపు వాసన ఫ్లీస్‌కు పట్టిందంటే వారం దాకా వదలదు. వేట బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి, బాగా ఆరాక, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గరాజ్‌లోనో కారు డిక్కీలోనో ఉంచండి. ఇంటి నుంచి మామూలు బట్టల్లో వెళ్లి అక్కడే మార్చుకోండి. తిరిగొచ్చాక తడి బూట్లు హీటర్ మీద పెట్టకండి, రబ్బరు పగులుతుంది. లోపల న్యూస్ పేపర్ ఉండలు కుక్కి, గంటకోసారి మార్చండి. తెల్లారేసరికి ఆదివారం వేటకు సిద్ధంగా ఉంటాయి.