రీఫ్ ట్యాంకులో పచ్చ పాచి పోవడం లేదు, లైటు మార్చాలా?

పగడాలు పెంచే మీ 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో రాళ్లనిండా వెంట్రుకల్లా పచ్చ పాచి పట్టింది, నీటి పరీక్ష కిట్‌లో మాత్రం నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నా అంటున్నారు. లైటు జోలికి ఇప్పుడే వెళ్లకండి. కిట్ సున్నా చూపించినంత మాత్రాన నీళ్లు బాగున్నట్టు కాదు. వచ్చిన ఫాస్ఫేటును వచ్చినట్టే పాచి తినేస్తోంది. ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలి. నన్నడిగితే శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో దోషం రోజూ పోసే నీళ్లదే.

వేసవిలో ఫ్యాను గాలికి రోజూ 3 లీటర్లు ఆవిరవుతాయనుకోండి. పోయేది నీరొక్కటే, అందులో కరిగినవన్నీ ట్యాంకులోనే మిగులుతాయి. మీరు తిరిగి పోసే నీళ్లలో లీటరుకు అర మిల్లీగ్రాము ఫాస్ఫేటు ఉన్నా, నెల తిరిగేసరికి 45 మిల్లీగ్రాములు లోపల చేరుతుంది. 200 లీటర్లకు అది 0.22 పీపీఎం, అంటే లీటరుకు అన్ని మిల్లీగ్రాములు. పగడాలకు 0.03 నుంచి 0.1 చాలు. చేపలకు మేత వేయకముందే ఇంత!

ఇంట్లో ఆర్వో ఉందిగా అంటారు. తాగేనీళ్ల ఆర్వోలో రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ కొంత మామూలు నీటిని కలిపేస్తుంది. టీడీఎస్ 50 మనకు బాగుంటుంది, పగడాలకు కాదు. ఆర్వో తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికలు) బిగించి, టీడీఎస్ మీటరు 0 చూపించిన నీళ్లే పోయండి. 1 కనబడగానే రెసిన్ మార్చేయండి. రెసిన్ అయిపోవస్తుంటే ముందు దాటిపోయేది సిలికా, దాన్ని మీటరు పట్టుకోలేదు. ఇసుక మీద గోధుమరంగు పొర కడితే ముందు దాన్నే అనుమానించండి.

కళింగపట్నం నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చేవాళ్లున్నారు. వంశధార కలిసేది అక్కడే కదా! వానాకాలంలో పొలాల ఎరువు, బురద అన్నీ ఆ నీళ్లలోనే, ఉప్పదనమూ పడిపోతుంది. కోనాడలో చంపావతి కలిసేచోటా అంతే. డీఐ నీళ్లలో రీఫ్ ఉప్పు కలిపి, రాత్రంతా పంపు తిప్పి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.026 వచ్చాకే వాడండి.

ఉన్న పాచిని చేత్తోనే తీయాలి. పంపులు ఆపి, సైఫన్ గొట్టం చివర టూత్‌బ్రష్ కట్టి రుద్దుతూ, ఊడింది ఊడినట్టే బకెట్లోకి లాగేయండి. లోపల వదిలేస్తే కుళ్లి అదే ఫాస్ఫేటు మళ్లీ నీళ్లలోకి వస్తుంది. వారానికోసారి 20 లీటర్లు ఇలా తీసి, అంతే కొత్త ఉప్పునీరు పోయండి. పాచి తినే టర్బో నత్తలను ఆ తర్వాతే వేయండి, పొడవు పాచిని అవి సరిగా తినవు.

ఫాస్ఫేటు లాగే ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడితే సగం మోతాదుతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా పడిపోతే పగడాలు దెబ్బతింటాయి. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ నిజంగానే సున్నాకు చేరితే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు వస్తాయి. గాలిబుడగలతో జిగట తీగల్లా సాగుతాయి, పచ్చ పాచికన్నా మొండివి. నైట్రేటు 5 పీపీఎం దగ్గర ఉండనివ్వండి.

పాచిమందు అని అంటగట్టే సీసాల మీద నాకు కోపం. రాగి ఉన్నవి రొయ్యల్ని, నత్తల్ని, పగడాల్ని చంపేస్తాయి, రాళ్లలోకీ ఇంకుతాయి. లేబుల్ చదవకుండా అమ్మడం అన్యాయం.

లైటు 8 గంటలు చాలు. ఒక బ్యాటరీ ఎయిర్ పంపు మాత్రం తప్పక కొనండి. దట్టమైన పాచి చీకట్లో ఆక్సిజన్ లాగేస్తుంది, కరెంటు పోతే పంపులూ ఆగిపోతాయి. 2018 తిత్లీ తుపానప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు.