కాన్పు నొప్పులకు మామూలు ఎపిడ్యూరల్ మంచిదా, స్పైనల్‌తో కలిపి ఇచ్చేదా?

రెండూ నొప్పిని బాగానే తగ్గిస్తాయి. ప్రధానమైన తేడా ఎంత త్వరగా అన్నదే. మామూలు ఎపిడ్యూరల్‌లో నడుము కింది భాగంలో, వెన్నుపాము చుట్టూ ఉండే పొరకు బయట సూదితో సన్నటి గొట్టం (కాథెటర్) పెట్టి మందు ఎక్కిస్తారు. బాగా పనిచేయడానికి 15–20 నిమిషాలు పడుతుంది. కంబైన్డ్ పద్ధతిలో అదే సూదిలోంచి ఇంకా సన్నటి సూది పోనిచ్చి, నేరుగా వెన్ను ద్రవంలోకి కాస్త మందు ఇస్తారు, స్పైనల్ అంటే ఇదే. సాధారణంగా 5 నిమిషాల్లో హాయి తెలుస్తుంది. తర్వాతి మందుకు కాథెటర్ ఎలాగూ ఉంటుంది.

కాన్పు దగ్గరపడి, నొప్పులు తట్టుకోలేకపోతున్న తల్లికి ఆ పావుగంట తేడా చాలా పెద్దది. కాకపోతే కంబైన్డ్‌లో దురద ఎక్కువ, బిడ్డ గుండె వేగం కాసేపు తగ్గొచ్చు. ఇంకో చిక్కు, స్పైనల్ మందు పనిచేసే గంటన్నర, రెండు గంటలపాటు కాథెటర్ సరిగ్గా కూర్చుందో లేదో తేలదు. సిజేరియన్ చేయాల్సొస్తే మత్తు ఇవ్వడానికి ఆ కాథెటర్‌నే వాడతారు, అందుకే ఆ అవకాశం ఎక్కువున్నవాళ్లకు మామూలు ఎపిడ్యూరలే మేలని నా అభిప్రాయం.

మందు ఎక్కించే తీరు కూడా అడిగి తెలుసుకోండి. నొప్పి అనిపించినప్పుడు తల్లే బటన్ నొక్కుకునే పంపు ఉంటే, ఆగకుండా ఎక్కించేదానికన్నా తక్కువ మందు సరిపోతుంది, కాళ్లు మొద్దుబారడమూ తగ్గుతుంది. డోసు హద్దు పంపులోనే పెట్టి ఉంటుంది కాబట్టి ఎక్కువసార్లు నొక్కానేమోనని టెన్షన్ అక్కర్లేదు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.