ఇంటి దుమ్ములో సింహభాగం వీధిదే

రోజూ రెండు పూటలా ఊడ్చినా ఇంట్లో దుమ్ము ఎక్కడి నుంచి వస్తోందని, అందులో ఎక్కువ భాగం మన ఒంటి నుంచి రాలే చర్మమేనన్న మాట నిజమేనా అని ఒకరు అడిగారు. నిజం కాదు. విజయవాడలో ఇల్లు నడుపుతున్న వాళ్లెవరూ ఆ మాట నమ్మనక్కర్లేదు. చర్మం రాలుతుంది, కాదనను. అందులో చాలావరకు స్నానం నీళ్లతో కొట్టుకుపోతుంది. మిగిలింది దిండ్లలో, పరుపుల్లో చేరి, కంటికి ఆనని డస్ట్ మైట్లనే పురుగులకు తిండి అవుతుంది. టీవీ బల్ల మీద వేలితో గీస్తే గీత పడుతుందే, ఆ దుమ్ము వేరు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు కట్టకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు మేము అక్కడే రెండో అంతస్తులో అద్దెకు ఉన్నాం. నీళ్లు మా గడప దాకా రాలేదు కానీ కరెంటు లేదు, తాగడానికి చుక్క నీరు లేదు. కిటికీలన్నీ గడియ పెట్టి, తాళం వేసి, పడవ ఎక్కి బయటపడి గుంటూరులో మా పెద్దక్క ఇంటికి చేరాం. దసరా వెళ్లాకే తిరిగి వచ్చాం. అప్పటికి వరద తీసేసింది. కింది ఇళ్లలోంచి ఎత్తిపోసిన ఒండ్రు వీధి పొడవునా ఎండిపోయి, ఆటోల చక్రాల కింద నలిగి పిండి పిండిగా లేస్తోంది.

తలుపు తీసి లోపల అడుగు పెడితే నేల మీద పాదం అచ్చు పడింది. మా కిటికీ రెక్కలు సరిగ్గా కలవవు, మధ్యలో సన్నని సందు ఉంటుంది. దుమ్ము ఆ సందు కింద గట్టు మీద అన్నిటికన్నా మందంగా పేరుకుంది. గది మధ్యకు వచ్చేసరికి పలచబడింది. కిటికీ లేని దేవుడి గదిలో ఉందా లేదా అన్నట్టుగా ఉంది. రంగు చూస్తే వీధిలో ఎండిన ఒండ్రుదే, అదే వెలిసిన బూడిద రంగు. తడిగుడ్డతో తుడిచి పిండిన నీళ్లను రాత్రంతా బకెట్లో ఉంచాను. తెల్లారేసరికి పైన నీరు తేరుకుంది, అడుగున బురద పేరుకుంది. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపితే మెత్తగా జారింది. నెలకు పైగా మనిషి మసలని ఇంట్లో ఎవరి చర్మం రాలి అంత దుమ్మయింది? నాకు ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఇంట్లోనే పుట్టే దుమ్ము కూడా ఉంది. మంచం కింద ఉండలు కట్టి దొర్లేది చీరల నుంచి, దుప్పట్ల నుంచి ఊడిన నూలుపోగులు, రాలిన వెంట్రుకలు. వంటింట్లో అల్మారా పైన జిగటగా అంటుకునేది పోపుల నూనె ఆవిరి మీద వాలిన దుమ్ము. అగరుబత్తి బూడిద సరేసరి. ఇవన్నీ కలిపినా వీధి దుమ్ముకు సాటి రావు.

వీధిలో దుమ్ము ఎందుకుంటుందో ఎవరూ అడగరు. ఇల్లు కట్టేవాళ్లు ఇసుకను రోడ్డు మీదే గుట్ట పోస్తారు, పట్టా కప్పరు. ఇసుక లారీలు గాలికి సగం రాల్చుకుంటూ పోతాయి. తారురోడ్డు పక్కన మట్టి అంచును అలాగే వదిలేస్తారు, ప్రతి బస్సూ దాన్ని లేపి వెళుతుంది. తెల్లవారుజామున పారిశుద్ధ్య కార్మికుల చేత పొడి రోడ్డును పొడి చీపురుతో ఊడ్పిస్తారు. ఆ దుమ్ము ముందు వాళ్ల ఊపిరితిత్తుల్లోకి, తర్వాత మన కిటికీల్లోకి వెళుతుంది. ముందుగా నీళ్లు చల్లించాలన్న ఆలోచన ఎవరికీ రాదా? 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు గాలిలో ఏడాది సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. గాలి ప్రమాణాలను ఏళ్ల తరబడి అందుకోలేని నగరాలనే ప్రధానంగా అందులో చేర్చారు.

మా అత్తగారు పల్లెలో తెల్లవారగానే వాకిట్లో కళ్ళాపి చల్లేవారు. బయటి నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కున్నాకే గడప దాటేవాళ్లు. తడిసిన దుమ్ము లేవదు, కడిగిన కాలితో మట్టి లోపలికి రాదు. అపార్టుమెంట్లలో ఆ రెండూ పోయాయి. పైగా ఫ్యాను తిరుగుతుండగానే పొడి చీపురు పడతారు. నేల మీది దుమ్మును గాలిలోకి ఎత్తడమే అది. సన్నని రేణువులు గంటల తరబడి గాలిలోనే తేలి, మీరు చీపురు పక్కన పెట్టాక నింపాదిగా సోఫా మీద వాలతాయి.

నేను ఫ్యాను ఆపి, కిటికీ గట్లు, బల్లలు తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే నేల తుడుస్తాను. గడప బయట కొబ్బరిపీచు పట్టా, లోపల గుడ్డ పట్టా వేశాను. కిటికీ సందుకు రబ్బరు పట్టీ అంటించాను. తేడా తెలుస్తుంది.

అంతకన్నా పెద్ద తేడా వీధి మొదట్లోని ఇసుక గుట్ట వల్ల వచ్చింది. నేనొక్కదాన్నే వెళ్లి అడిగినన్నాళ్లూ ఆ కట్టించే ఆయన తల ఊపి ఊరుకున్నాడు. చివరికి మా మెట్ల వరుసలోని ఆడవాళ్లమంతా కలిసి వెళ్లి నిలబడ్డాం. ఆ సాయంత్రమే పట్టా కప్పించాడు. మీ వీధిలోనూ అలాంటి గుట్ట ఉంటే నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లండి, ఒక్కరే వెళ్లకండి.