14 పాయింట్ల ఆధిక్యం చివరి నాలుగు నిమిషాల్లో ఎలా పోతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: సికింద్రాబాద్‌లో జరిగిన బాస్కెట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లో మీ జట్టు నాలుగు నిమిషాలు మిగిలుండగా 14 పాయింట్లు ముందుంది. ఆధిక్యం తెచ్చిన బెంచ్ గార్డులిద్దరినీ (బంతిని నడిపించే ఆటగాళ్లు) కూర్చోబెట్టి కోచ్ మళ్లీ స్టార్టర్లందరినీ, అంటే మ్యాచ్ మొదలుపెట్టిన ఐదుగురినీ దింపాడు, మ్యాచ్ పోయింది. తప్పు షూటింగ్‌దా, లైనప్‌దా (కోర్టులో దింపిన ఐదుగురి ఎంపికదా)?

లైనప్‌దే అంటాను. లెక్క చూడండి. నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు. మనవాళ్లు బంతిని 20 సెకన్లు ఆడి, అవతలివాళ్లు 8 సెకన్లకే షాట్ కొట్టినా రెండూ కలిపి 28 సెకన్లు. అంటే వాళ్లకు దక్కేవి ఎనిమిదో తొమ్మిదో అవకాశాలు. మనం ఒక్క పాయింటు వేయకపోయినా, రెండు పాయింట్ల షాట్లతో 14 పూడ్చాలంటే వాళ్లు దాదాపు ప్రతిసారీ బుట్టలో వేయాలి. మామూలుగా అది అయ్యే పని కాదు. మనం షాట్ దాకా వెళ్లకుండానే బంతి పోగొట్టుకుంటేనే అవుతుంది. మనం కాపాడే బుట్ట కిందే ప్రెస్‌లో (అవతలివాళ్లు కోర్టంతా మీద పడి బంతి లాక్కునే ఎత్తుగడ) బంతి చిక్కితే ఐదారు సెకన్లలో లేఅప్ (బుట్ట దగ్గరి నుంచి వేసే సులువు షాట్) పడుతుంది, గడియారం మాత్రం పెద్దగా కదలదు. అలాంటివి మూడు వరుసగా పడ్డాయంటే ఆధిక్యం సగానికి దిగినట్టే.

షూటింగ్‌తోనే పూడ్చిన సందర్భాలు లేకపోలేదు. 2025 మే 21న అమెరికా లీగ్ ఎన్‌బీఏలో న్యూయార్క్ నిక్స్ 2 నిమిషాల 51 సెకన్లుండగా 14 పాయింట్లు ముందుండి కూడా ఇండియానా పేసర్స్ చేతిలో ఓవర్‌టైమ్‌లో (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయం) 138-135తో ఓడింది. కానీ పేసర్స్ ఆటగాడు ఆరోన్ నెస్మిత్ ఆ నాలుగో క్వార్టర్‌లో ఆరు త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేశాడు. మన సిమెంటు కోర్టుల మీద అలాంటి షూటర్ ఎదురుపడడు. ఇక్కడ మ్యాచ్ పోయేది చేజారిన బంతితోనే.

కాబట్టి చివరి ఐదుగురిని ఎంచేటప్పుడు ఎవరు స్టార్టర్, ఎవరు సీనియర్ అన్నది పక్కన పెట్టాలి. ప్రెస్‌లో బంతి అందుకుని డ్రిబుల్ చేయగలిగేవాళ్లు కనీసం ముగ్గురుండాలి. ఫ్రీ త్రోలూ (ఫౌల్‌కు బదులు అడ్డు లేకుండా వేసే, ఒక్కో పాయింటు షాట్లు) చూడాలి. ఆ క్వార్టర్‌లో అవతలి జట్టు నాలుగు ఫౌళ్లు దాటాక ప్రతి ఫౌల్‌కూ మనకు రెండు ఫ్రీ త్రోలు. నూటికి 80 వేసేవాడి మీద ఫౌల్ చేస్తే వాళ్లు సగటున 1.6 పాయింట్లు ఇచ్చుకున్నట్టు, 50 వేసేవాడి మీదైతే ఒక్కటే. వాళ్లు వెతికి మరీ రెండోవాడినే పట్టుకుంటారు. బుట్ట దగ్గర ఆడే పొడవైన సెంటర్ చేతికి బంతి వెళ్లేలా ఆడించడం వాళ్లకు కావలసినదే.

అలాగని సెంటర్‌ను పూర్తిగా తీసేయకూడదు. 2025 ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో ఓక్లహోమా సిటీ థండర్ పొడగరి హార్టెన్‌స్టైన్‌ను తప్పించి చిన్న లైనప్‌తో మొదలుపెట్టింది, రీబౌండ్లలో (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) 39-56తో వెనకబడి ఒక్క పాయింటు తేడాతో ఓడింది. దీనికి మార్గం మార్చి మార్చి ఆడించడం. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల ప్రకారం నాలుగో క్వార్టర్ చివరి 2 నిమిషాల్లో బాస్కెట్ పడగానే గడియారం ఆగుతుంది, పాయింట్లు ఇచ్చుకున్న జట్టు ఆటగాళ్లను మార్చుకోవచ్చు. వాళ్లు బాస్కెట్ వేయగానే సెంటర్‌ను తీసి గార్డును దింపాలి, తర్వాత మార్చుకునే వీలు దొరికిన వెంటనే సెంటర్‌ను తిరిగి పంపాలి. ఇందుకు అసిస్టెంట్ ఒకరు మార్చాల్సిన ఆటగాడిని స్కోరర్ టేబుల్ దగ్గర ముందే సిద్ధంగా కూర్చోబెట్టాలి. బాస్కెట్ పడ్డాక లేచి పరిగెత్తితే అవకాశం దాటిపోతుంది.

టైమ్‌అవుట్ల విషయంలో చాలా జట్లు ఘోరంగా నష్టపోతాయి. రెండో సగంలో మూడుంటాయి, కానీ చివరి 2 నిమిషాల్లో వాడుకోగలిగేవి రెండే. మూడూ దాచుకుంటే ఒకటి వృథా. ప్రెస్‌లో మొదటి బంతి పోగానే, గడియారం ఇంకా 2:00 దాటి ఉండగానే ఒకటి తీసుకోవాలి. మన సగం కోర్టులోంచి బంతి లోపలికి వేయాల్సి ఉండగా చివరి 2 నిమిషాల్లో టైమ్‌అవుట్ తీసుకుంటే, బంతిని నేరుగా ముందు కోర్టు (అవతలివాళ్ల సగం) నుంచి వేసే వీలుంది. ప్రెస్ అక్కడికక్కడే తెగిపోతుంది. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఉండే గడువు) మాత్రం 14 సెకన్లే ఉంటుంది, అది గుర్తుండాలి. ఇంకొకటి, ఎన్‌బీఏలో లాగా ఆటగాడు కోర్టులోంచి టైమ్‌అవుట్ అడిగితే ఇక్కడ చెల్లదు. కోచ్ లేదా మొదటి అసిస్టెంట్ టేబుల్ దగ్గర అడగాలి. స్టాండ్స్‌లోంచి మనం ఆటగాళ్ల మీద అరిచి లాభం లేదు.

సమయం గడపడానికి బంతిని మధ్యలో తడుతూ నిలబడి, షాట్ క్లాక్ ఐదుకొచ్చాక ఆట మొదలుపెట్టడం ఇంకో పెద్ద పొరపాటు. ఎవరో ఒకరు ఒంటికాలి మీద షాట్ విసురుతారు, రీబౌండ్ నుంచి అవతలివాళ్లు పరుగెత్తుతారు. క్లాక్‌లో 12 ఉండగానే కదలిక మొదలవ్వాలి. స్టార్టర్లకు నాలుగో క్వార్టర్ మొదటి మూడు నిమిషాలు విశ్రాంతి ఇవ్వడం కూడా ముఖ్యం. షాట్లు రింగు ముందు భాగానికి తగిలి పడుతున్నాయంటే కాళ్లు అయిపోయాయన్నమాట.

మీ కోచ్‌తో మాట్లాడేముందు ఒక పని చేయండి. వచ్చే మ్యాచ్‌లో చివరి ఐదు నిమిషాలు ఒక కాగితం మీద, మన చేతికి బంతి వచ్చిన ప్రతిసారీ కోర్టులో ఉన్న ఐదుగురి జెర్సీ నంబర్లు రాసి, పక్కన షాట్, ఫౌల్, పోయింది అని గుర్తు పెట్టండి. మూడు నాలుగు మ్యాచ్‌ల కాగితాలు చేరాక "పోయింది" ఎదురుగా ఏ నంబర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయో చూసి, ఆ కాగితాలే ఆయన చేతిలో పెట్టండి.